మారలేదనుకో

మార్చి 9, ఆదివారం

ఆఫీసు లాప్‌టాప్ తిరిగిచ్చేసి ఆరు వారాలైంది. ఇప్పుడు బల్ల మీద ఉన్నది ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నాన్న కొనిపెట్టినది. మూత తెరిస్తే ఫ్యాను ఆటో ఇంజనులా మోగుతుంది. కంపెనీ ఇంట్లోంచే పని చేయమందని నాన్నకు చెప్పాను. అబద్ధమేం కాదు, ఇంట్లోంచే పని చేస్తున్నాను.

పని అంటే ‘వినికిడి’. తెర మీది తెలుగును చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఉచితం, దాన్ని రాసిన సోర్సు కోడు కూడా అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా మార్చుకోవచ్చు. మొదట రాసినవాళ్ళు రెండేళ్ళుగా దాని మొహం చూడలేదు. నేను పట్టుకున్నది జగదీశ్వర్ కోసం. పగలు గడవక చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో కిటికీ పక్కన చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కనిపించాడు. జనగామ దిక్కు కుర్రాడు, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటాడు. తొమ్మిదో ఏటి నుంచి చూపు లేదు. జూన్ 22న గ్రూప్ పరీక్ష. స్కాన్ చేసిన నోట్సంతా వినికిడిలో పెట్టుకుని వింటాడు.

“అక్కా, 1956 ఉంటే ‘ఒక వేయి తొమ్మిది వందల యాభై ఆరు’ అంటది. అది ఏడాది చెప్పేలోపల నాకు నిద్రొస్తది” అన్నాడు.

‘పంతొమ్మిది వందల యాభై ఆరు’ అనిపించాలి. నాలుగు లైన్ల పని. కానీ సోర్సు మార్చితే చాలదు, మూడు వందల ఫైళ్ళనూ యంత్రానికి అర్థమయ్యేలా తర్జుమా చేసి కలిపి మళ్ళీ బిల్డ్ చేయాలి. ఈ ముసలి లాప్‌టాప్ మీద రెండు గంటల యాభై నిమిషాలు. అయ్యాక చూస్తే ఒక చోట కామా తప్పు. మళ్ళీ రెండు గంటల యాభై నిమిషాలు.

మార్చి 11

దొరికింది.

‘మేక్’ అనే పనిముట్టు ఏ ఫైలు మారిందో తేదీ చూసి పసిగట్టి, దాన్నీ దాని మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే మళ్ళీ తయారుచేస్తుంది. అందాకా బాగానే ఉంది. తంటా అంతా ఉమ్మడి జాబితా ఫైలుతో. పది, ఇరవై, ముప్ఫై అంటూ మాటల వరుస అందులో ఉంటుంది, అన్ని ఫైళ్ళూ దాన్నే చూసుకుంటాయి. యంత్రం కనీసం చదవని ఒక కామెంటు అందులో రాసినా మూడు వందల ఫైళ్ళూ మొదటికొస్తాయి.

మేక్ మాన్యువల్లో ఒక ఆప్షన్ ఉంది. ‘ఈ ఫైలు మారలేదనుకో’ అని చెప్పవచ్చు. చెప్పాను. నాలుగు నిమిషాలు!

ఆ మార్పు మిగతా ఫైళ్ళకు అవసరం లేదని నిశ్చయంగా తెలిస్తేనే వాడమని కూడా రాసి ఉంది. నాకు తెలుసు. పదకొండేళ్ళు ఈ పనే చేశాను.

మార్చి 12

ఇవాళ ఏడుసార్లు బిల్డ్ చేశాను. ఏడూ నాలుగు నిమిషాలే. అంత పొడుగు ఆదేశం ప్రతిసారీ ఎందుకని ఒక్క అక్షరంతో షార్ట్‌కట్ పెట్టుకున్నాను.

మార్చి 17

అయిపోయింది. అంకెలు చదివే ఫైలు మార్చాను. పనిలో పనిగా ఉమ్మడి జాబితాలో ఎనభై పక్కన ఎవరో పెట్టిన ‘ఎనుబది’ని తీసేశాను. పాత గ్రాంథికం, ఎవరూ వాడనిది. నాలుగు నిమిషాల్లో బిల్డ్. 1956 పెట్టి చూశాను. 1969, 2014. హాయిగా చదివింది.

సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద జగదీశ్వర్ విన్నాడు. మళ్ళీ పెట్టుకుని విన్నాడు. “మనిషి మాట్లాడినట్టే ఉందక్కా. మా వాట్సాప్ గ్రూపుల కూడా పంపాల్నా?” అన్నాడు. పంపమన్నాను. నారాయణగూడ దాకా ఊరికే నడిచి వచ్చాను. జనవరి తర్వాత ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

ఏప్రిల్ 6

జగదీశ్వర్ అన్నాడు: “ఆర్థిక సంస్కరణలు 1991 కదక్కా. నోట్స్‌ల 1981 అని వచ్చింది.”

స్కాన్ చేసినప్పుడు అంకె చెడి ఉంటుందన్నాను. ఆ పేజీలు నిజంగానే మసక.

“నాకు ముందే తెల్సు కాబట్టి పట్టిన” అన్నాడు. “మీ మిషన్ నడుమ నడుమ పంతులు లెక్క మాట్లాడ్తది, అది మాత్రం మస్తుంది.”

ఇద్దరం నవ్వుకున్నాం.

ఏప్రిల్ 20

అడిక్‌మెట్ హాస్టల్ నుంచి మంజుల అని ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఆమెకూ చూపు లేదు. “అక్కా, రాజ్యాంగం మొత్తం ఈ నెలల మీ వినికిడితోనే అయిపోయింది. మొదటిసారి ఎవ్వర్నీ బతిమాలకుండ చదువుకున్న” అంది. వాళ్ళ గ్రూపులో నలభై ఆరుమంది వాడుతున్నారట.

నలభై ఆరు. కంపెనీలో పదకొండేళ్ళు చేసిన దాన్ని ఎవరు వాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

మే 14

జగదీశ్వర్‌కు మాక్ టెస్టులో రాజ్యాంగం భాగంలో చాలా తక్కువ వచ్చాయి. కోచింగ్ సారు అందరి ముందూ “నీకు ప్రిపరేషన్ లేదు, ఊహించి పెడుతున్నవ్” అన్నాడట.

“స్పీకర్ ఎన్నిక ఆర్టికల్ 83 అని పెట్టిన, తప్పట. మంత్రుల సంఖ్యకు లిమిట్ పెట్టిన సవరణ 81 అని పెట్టిన, అదీ తప్పట. నేను విన్నదే పెట్టిన అక్కా.”

తొందరలో కలగాపులగం అయి ఉంటుంది, ఇంకోసారి విను అన్నాను. తల ఊపాడు. పావుగంట తర్వాత, “ఇంకోసారి ఇన్న. అట్లనే ఉంది” అన్నాడు.

ఇంటికొచ్చి సోర్సు చూశాను. రావలసినవి 93, 91. తొంభై దగ్గర తొంభైయే ఉంది.

మే 15

సోర్సు మళ్ళీ చూశాను. సరిగ్గానే ఉంది.

మే 16

సరిగ్గానే ఉంది. స్కాన్ తప్పే.

మే 29

వరుసగా రాస్తే తప్ప నాకు అర్థమయ్యేలా లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర లాప్‌టాప్ తెరిచే ఉంది, వినికిడి ఏదో పాఠం చదువుతూ ఉంది. నాన్న తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. మజ్జిగన్నం కలుపుకుంటూ ఆగారు.

“ఎనుబది అంటోందే! మా నాన్నగారు అనేవారమ్మా ఆ మాట. నీ యంత్రానికి ఎవరు నేర్పారు?”

నేను ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచాను.

ఎనుబదిని నేను తీసేశాను. మార్చి 17న తీసేశాను. సోర్సంతా వెతికాను, ఆ మాట ఎక్కడా లేదు. లేని మాటను యంత్రం నా ఎదురుగా పలికింది. ఆ వాక్యాన్ని మళ్ళీ పెట్టాను. మళ్ళీ పలికింది. తెర మీద చూస్తే అక్కడున్నది ఎనభై కాదు. 1993.

పంతొమ్మిది వందల ఎనుబది మూడు.

అర్థం కావడానికి అరగంట పట్టింది. యంత్రానికి మాటలతో పని లేదు, వరుస సంఖ్యలతోనే పని. పాత జాబితాలో ఏడు డెబ్భై, ఎనిమిది ఎనభై, తొమ్మిది ఎనుబది, పది తొంభై. ఎనుబదిని తీసేశాక తొంభై తొమ్మిదో స్థానానికి జరిగింది. నేను మార్చిన అంకెల ఫైలు కొత్త జాబితాతో తయారైంది, తొంభై కావాలంటే ‘తొమ్మిదో మాట పలుకు’ అంటుంది. పలికే ఫైలు మాత్రం మళ్ళీ తయారు కాలేదు. జాబితా మారలేదనుకోమని మేక్‌కు నేనే చెప్పాను. దాని దగ్గర తొమ్మిదో మాట ఇప్పటికీ ఎనుబదే.

సోర్సు సరిగ్గానే ఉంది. వాళ్ళ చేతిలో ఉన్నది ఆ సోర్సు కాదు.

తొంభై ఉన్న ప్రతి చోటా. 91, 93, 97, 191, 199, 1991, 1993. ఆ తొంభైలన్నీ ఎనభైలైపోయాయి. పదివారాలుగా. నలభై ఆరుమందికి.

నాన్న మజ్జిగ గ్లాసు పట్టుకుని “ఏమైందమ్మా” అంటున్నారు. ఏం లేదన్నాను.

మే 30

పొద్దున్నే పాత తయారీలన్నీ చెరిపేసి మొదటి నుంచి పూర్తి బిల్డ్ పెట్టాను. రెండు గంటల యాభై నిమిషాలూ కుర్చీలోంచి లేవలేదు. 1993 పెట్టాను. పంతొమ్మిది వందల తొంభై మూడు.

అందరికీ కొత్త వర్షన్ పంపాను. ‘చిన్న సవరణలు’ అని రాశాను.

పరీక్ష ముందు వాళ్ళను కంగారుపెట్టడం మంచిది కాదు. విన్నకొద్దీ వాళ్ళకే సర్దుకుంటుంది.

మే 31

ఎవరూ ఏమీ అడగలేదు.

జూన్ 1

ఎవరూ అడగలేదు. జగదీశ్వర్ ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. తలనొప్పిగా ఉంది.

జూన్ 2

రాష్ట్ర అవతరణ దినం, సెలవు. వీధి చివర మైకులో పొద్దుట్నుంచీ పాటలు. మంజుల ఫోన్.

“అక్కా, కొత్త వర్షన్ల ఏదో ఖరాబైంది. స్పీకర్‌ది 83 ఉండె, ఇప్పుడు 93 అంటుంది. సవరణ 81 ఉండె, 91 అంటుంది. జర పరేషాన్ అయిన. మళ్ల పాతదే ఎక్కించుకున్న.”

ఆమే మళ్ళీ అందుకుంది.

“మీరు ఫికర్ చెయ్యకుండ్రి. గ్రూపుల అందరికి మెసేజ్ పెట్టిన, కొత్తది ఎవ్వరూ వేసుకోవద్దు, పాతదే కరెక్ట్ అని. చాలామంది తీసేసిన్రు.”

నాకు మేలు చేస్తున్నట్టే చెప్పింది. నా పరువు కాపాడుతున్నట్టు.

ఫోన్ పెట్టేశాను. తప్పు నేను చేశాను. సరిదిద్ది పంపినదాన్ని వాళ్ళు తప్పనుకుని బయటికి నెట్టేశారు. ఎందుకు నెట్టరు? చిన్న సవరణలు అన్నది నేనే.

జూన్ 3

లైబ్రరీకి వెళ్ళాను. జగదీశ్వర్‌ను బయట టీ బండి దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం చెప్పాను. జాబితా సంగతి, మేక్‌కు నేను చెప్పింది, తొంభైలు ఎనభైలు కావడం. ఎక్కడా ఆపకుండా చెప్పాను. ఆపితే మళ్ళీ చెప్పలేనని.

టీ చల్లారిపోయింది. గ్లాసు అంచు వేలితో తడుముతూ నిలబడ్డాడు.

“అంటే మాక్ టెస్ట్‌ల నేను తప్పు చదువలే.”

“లేదు.”

“సారు ఊహించి పెడుతున్నవ్ అన్నడు. మీరు కలిపేసుకున్నవ్ అన్నరు. నాకూ నా దిమాగ్ మీదనే డౌట్ వచ్చింది. పది రోజులు నిద్ర లేదక్కా.”

నేను క్షమించమన్నాను. అతను అది విన్నట్టు లేదు.

“మీకెప్పుడు తెలిసింది?”

“గురువారం.”

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “ఐదు రోజులు.”

“అవును.”

“తప్పు ఎవ్వరికైనా అయితది. కంప్యూటర్ పని, అయితది. కాని ఐదు రోజులు ఎట్ల ఊకున్నరక్కా? నాకున్నయే ఇరవై నాలుగు.”

మడత కర్ర విప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మెట్లు నాకంటే బాగా తెలుసు అతనికి.

జూన్ 4

పొద్దున గ్రూపులో నా గొంతుతోనే రికార్డు చేసి పెట్టాను. పేరు చెప్పాను. ఏం చేశానో, ఎప్పుడు తెలిసిందో, ఎన్ని రోజులు దాచానో చెప్పాను. పాతది తీసేయమని, ఎనుబది అని ఎక్కడ విన్నా అది తొంభై అని చెప్పాను. తర్వాత నలభై ఆరుమందికీ విడివిడిగా ఫోన్లు.

కొందరు సరే అన్నారు. ఒకాయన తిట్టాడు, విన్నాను. “నేనే అందరితోని పాతది వేయించిన కదక్కా” అంది మంజుల. అది నీ తప్పు కాదన్నాను. “నాకు తెల్సు. అయినా నాదే లెక్క అనిపిస్తుంది” అంది.

బర్కత్‌పురలో ఉండే రమాకాంత్ గారు నలభై దాటిన మనిషి. ఏదో శాఖ పరీక్షకు వయసు దృష్ట్యా ఆఖరి అవకాశం. అది మే 18నే అయిపోయింది.

“స్పీకర్ ప్రశ్న వచ్చింది మేడం. 83 అనే పెట్టిచ్చిన” అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. “నాలుగు ఆప్షన్లల్ల 93 గూడ ఉండె. నా బదులు పరీక్ష రాసిపెట్టే పిల్ల రెండుసార్లు అడిగింది, పక్కానా అని. పక్కా అన్న.”

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాను. నాన్న గుమ్మంలో ఉన్నారు. అంతా విన్నట్టున్నారు. ఆయనకు ఉద్యోగం సంగతి కూడా చెప్పేశాను, జనవరిలోనే తీసేశారని.

“ఫిబ్రవరిలోనే అనుకున్నానమ్మా. ఆ పాత లాప్‌టాప్ అటక మీంచి దింపింది నేనేగా” అన్నారు. “నువ్వు చెప్పేదాకా అడక్కూడదనుకున్నాను. అది నా పొరపాటు.”

జూన్ 6

జగదీశ్వర్ నోట్సులో తొంభై ఉన్న చోట్లన్నీ వెతికి తీశాను. మూడు వందల పన్నెండు. ప్రింటు తీసి లైబ్రరీకి పట్టుకెళ్ళాను. రాడనుకున్నాను. కిటికీ పక్కనే ఉన్నాడు.

“మిషన్ వద్దక్కా. మీరే చదువుండ్రి.”

బయట మెట్ల మీద కూర్చుని చదివాను. మొదటిది చదవగానే ఆపాడు.

“చూసి చెప్తున్నరా, యాదికెల్లి చెప్తున్నరా?”

“చూసి.”

“సరే, చెప్పుండ్రి.”

జూన్ 7

ప్రతి అంకెకూ అడుగుతున్నాడు. చూసి చెప్తున్నరా అని. ప్రతిసారీ చూసి అంటున్నాను.

జూన్ 10

మంజుల కూడా వస్తోంది. నాన్న కూడా లైబ్రరీకి వచ్చి ఆమెకు చదువుతున్నారు, నేను జగదీశ్వర్‌కు. చదివినవి రికార్డు చేసి గ్రూపులో పెడుతున్నాం. నాన్న గొంతు బాగుందని అందరూ ఆయన పాఠాలే అడుగుతున్నారు.

మంజుల ఇవాళ స్పీకర్ దగ్గర నాలుగుసార్లు 83 అంది. ఐదోసారి నాలిక కరుచుకుంది. “కొత్తది నేర్చుకునుడు అల్కనే సార్. ఎక్కిందాన్ని దింపుడే అయితలేదు” అంది నాన్నతో.

జూన్ 15

ఇవాళ జగదీశ్వర్ ఒక్కసారి కూడా అడగలేదు. నేనే మొదట గమనించలేదు. ఇంటికొచ్చాక తట్టింది. చాలాసేపు ఏడ్చాను.

జూన్ 22

జగదీశ్వర్ పరీక్ష సెంటర్ నారాయణగూడలో ఒక కాలేజీ. పొద్దున ఎనిమిదికే వెళ్ళి గేటు బయట చెట్టు కింద నిలబడ్డాను. లోపలికి వెళ్ళేముందు, “మీరు ఇంటికి పోండ్రక్కా, మీ పరీక్ష కాదు గదా” అన్నాడు. వెళ్ళలేదు.

బయటికొచ్చిన జనంలో రాసిపెట్టే అమ్మాయి భుజం పట్టుకుని చివర్న వచ్చాడు. నేనున్నానని చెప్పకుండానే ఇటు తిరిగాడు.

“తొంభైలు మూడు వచ్చినయ్” అన్నాడు. “ఒకదాని కాడ ఎనభై అనే నోటికొచ్చింది. చెప్పేసిన కూడ. ఆ పిల్ల పెన్ను పెట్టేలోపల ఆపిన.”

“మూడూ?”

“మూడూ పెట్టిన.” ఆ అమ్మాయి భుజం వదిలి, “మిగిలినయి నా తయారీని బట్టి ఉంటయ్. వాటికి మీరు జిమ్మేదారి కాదు” అన్నాడు.

ఆటో ఎక్కించాను. ఎక్కాక “టీ తాగుదామా అక్కా” అని మళ్ళీ దిగాడు.

జులై 24

రమాకాంత్ గారి ఫలితాలు పొద్దున వచ్చాయి. ఆయన ఫోన్ చేయలేదు, మంజుల చెప్పింది. ఒక్క మార్కుతో పోయింది.

ఒక్క మార్కు. ఈ మాట రాసి గంట నుంచి చూస్తున్నాను.

ఫోన్ చేయకుండా ఉండేందుకు కారణాలు చాలా తట్టాయి. ఆయన బాధలో ఉంటారు. నా గొంతు వినడమే కష్టం. రేపు చేయవచ్చు. ఆ ఐదు రోజులూ తప్పు దాచినప్పటి కారణాలూ ఇలాంటివే. చేశాను.

“తెల్సింది మేడం” అన్నారు నేను నోరు తెరవకముందే. “మీరు చేస్తరో చెయ్యరో అనుకున్న.”

“మీ మార్కు నా వల్ల పోయింది రమాకాంత్ గారూ.”

“అవును” అన్నారు.

కాదని అంటారని లోపలెక్కడో ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. ఆయన అనలేదు. అవతల బస్సు హారన్ వినిపించింది, రోడ్డు మీద ఉన్నట్టున్నారు.

“ఇంట్ల చెప్పిన. మా ఆమె ఏడ్చింది, నేను గూడ ఏడ్చిన. ఆ నౌకరీ కథ అయిపోయింది. ఇంగ ఒక బ్యాంకు పరీక్ష ఉంది, దానికి నాకు వయసు ఉంది, డిసెంబర్‌ల. చదవాలె కదా.”

“నేను వచ్చి చదివి పెడతాను. రోజూ వస్తాను.”

“రోజూ ఎవరొస్తరు మేడం. వద్దు. నాకు వినికిడే పంపుండ్రి. మనిషి కోసం కూసుండే ఓపిక నాకు లేదు. ఒక్కటి. ఈసారి అందుల ఏమేం మార్చిన్రో మొత్తం రాసి పంపుండ్రి. చిన్నయి, పెద్దయి అని మీరు చెప్పకుండ్రి. అది మేం చూసుకుంటం.”

సరేనన్నాను. పాత తయారీలన్నీ చెరిపేసి పూర్తి బిల్డ్ పెట్టాను. అది నడుస్తున్నంతసేపూ కూర్చుని, మార్చి నుంచి నేను ముట్టుకున్న ప్రతి లైనూ తేదీతో సహా రాశాను. పదకొండు పేజీలైంది. కొత్త బిల్డ్‌తోనే అదంతా మొదటి నుంచి చివరిదాకా చదివించుకుని విన్నాను, ఆయన వినబోయేది అదే కాబట్టి. మూడోచోట ఒక తేదీ తప్పు దొరికింది. దిద్దాను. మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

సాయంత్రం నాలుగున్నరకు నలభై ఆరుమందికీ పంపాను. మొదటి పేరు రమాకాంత్ గారిది.